దిష్టి తగలని ఉద్యోగం

ఆడపిల్లను ఏ రంగంలో పెడదామన్నా మన విశాఖ తల్లిదండ్రులకు మొదట పట్టుకునే టెన్షన్ డబ్బు గురించి కాదు, నలుగురి గురించి. ఆ నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతోనే మన ఊళ్ళో సగం మంది అమ్మాయిలు బీటెక్‌లో చేరారని నా అనుమానం. ఎంతో ఆలోచించాక, దేశం తరఫున ఆడినా పక్కింటి వాళ్ళకు తెలియని ఉద్యోగం ఒకటి కనిపెట్టాను. మహిళల ఫుట్‌బాల్.

క్రికెట్ వైపు మాత్రం పంపకండి. మధురవాడ స్టేడియంలో ఒక స్టాండ్‌కి ఏకంగా మిథాలీ రాజ్ పేరే పెట్టేశారు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో ప్రపంచ కప్ గెలిచి వచ్చేసరికి రాష్ట్ర ప్రభుత్వం 2.5 కోట్లు ప్రకటించింది. ఇక ఆ పిల్ల రైతు బజారుకెళ్ళి ప్రశాంతంగా వంకాయలు ఏరుకోగలదా? ఇంట్లో ఎండుమిరపకాయలన్నీ దిష్టి తీయడానికే చాలవు.

ఫుట్‌బాల్‌లో ఈ బెడద లేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియా వెళ్ళి డినమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. 2025లో దేశంలోనే ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి అయింది. ఆమె ఎవరో చెప్పమని బీచ్ రోడ్డులో నాతో వాకింగ్ చేసే నలుగురినీ అడిగాను. (అందరూ భయపడే ఆ నలుగురూ వీళ్ళేనని నాకు చాలాకాలంగా తెలుసు.) ఒకాయన ఏదో సీరియల్ పేరు చెప్పాడు. ఇంకొకాయన సివిల్స్ ర్యాంకరా అన్నాడు. మూడో ఆయన జాగ్రెబ్ అంటే మాత్ర అనుకుని, బీపీకా షుగర్‌కా అన్నాడు. నాలుగో ఆయన మెస్సీ గురించి అరగంట మాట్లాడాడు.

2025 జులై 5న మన అమ్మాయిలు థాయిలాండ్‌ను వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ రాత్రి జగదాంబ జంక్షన్‌లో ట్రాఫిక్ ఏ ఆటంకం లేకుండా సాగింది. ఒక్క టపాసు పేలలేదు. నగర శాంతికి ఇంతకన్నా ఏం కావాలి?

జీతం సంగతీ చెప్పాలి. పెద్ద లీగులో ఆడే ఒక్కో క్లబ్బు కనీసం 10 మంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని 2023లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నిర్ణయించింది. నెలకు 26 వేల చిల్లర. జట్టుకు 11 మంది కదా అని మా తోడల్లుడు వేళ్ళు లెక్కపెట్టి మరీ అడిగాడు. గోల్‌కీపర్ ఎలాగూ నిలబడే ఉంటుంది కాబట్టి లెక్కలోకి రాదేమోనని సర్దిచెప్పాను.

పైగా విదేశీయానం. 2022 ఆగస్టులో గోకులం కేరళ క్లబ్బు అమ్మాయిలు ఆసియా క్లబ్బుల పోటీకని తాష్కెంట్ వెళ్ళారు. సరిగ్గా అప్పుడే, పాలనలో బయటివాళ్ళ జోక్యం ఉందంటూ ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగొచ్చారు. ఒంటికి చెమట పట్టకుండా పరాయి దేశం చూసి వచ్చే అవకాశం ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇస్తుంది?

ఇంత చెప్పినా కూతురి విషయంలో మా తోడల్లుడు ఒప్పుకోలేదు. "గుంట ఎండలో నల్లబడిపోదేటి అన్నయ్యా?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. 1920లో ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళ మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి సమాఖ్య, ఈ ఆట స్త్రీలకు పనికిరాదని తన మైదానాల్లో వాళ్ళను నిషేధించింది. ఆ నిషేధం తీయడానికి యాభై ఏళ్ళు పట్టింది. మావాడు రెండేళ్ళలో దిగొచ్చేలా ఉన్నాడు.

ప్రస్తుతానికి పెళ్ళి బయోడేటా దగ్గర ఆగాం. వృత్తి అన్నచోట "లెఫ్ట్ వింగర్" అని రాస్తే, లెఫ్టంటే యూనియన్ మనుషులా అని అవతలి వాళ్ళు ఆరా తీశారు. కొట్టేసి, హాబీల్లోకి మార్చాం, వంటకూ ముగ్గులకూ మధ్యన. ప్రాక్టీసు నుంచి వచ్చిన అమ్మాయి బూట్ల ఇసుక దులుపుకుంటూ ఆ కాగితం చదివింది. అబ్బాయి బయోడేటా కూడా అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెదనాన్నా, ఇతను ఏ పొజిషన్లో ఆడతాడో రాయలేదేంటి?"