సంకేతం వచ్చింది సరే, ఏం చెయ్యమంటోంది?

నాన్న పోయిన మూడో నెలలో ఆయన పుస్తకాలు సర్దుతుంటే ఒకదాంట్లోంచి చిన్న చీటీ జారిపడింది. ఏదో పాత బిల్లు వెనక, నీలం ఇంకుతో, తమ్ముడి ఫోన్ నంబర్. నాన్న ఏడు అంకెకు నడుం మీద చిన్న గీత గీసేవారు. ఆ గీత చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. అప్పటికి తమ్ముడికీ నాకూ మాటల్లేక రెండేళ్లు. నాన్న పోయిన రోజున కూడా పక్కపక్కనే నిలబడ్డాం, అంతే. ఆ సాయంత్రం ఫోన్ చేశాను.

ఆ చీటీ అక్కడికెలా వచ్చిందో నాకు బాగా తెలుసు. నాన్న ఏ కాగితం దొరికితే దాని మీద నంబర్లు రాసేవారు, చేతికందిన కాగితాన్ని పుస్తకంలో గుర్తుగా పెట్టేవారు. ఇందులో అద్భుతం ఏమీ లేదు. అయినా నా వరకు అది కబురే. ఉత్తరం తెచ్చింది పోస్ట్‌మ్యాన్ అని తెలిసినంత మాత్రాన అందులోని మాట అబద్ధమైపోదు కదా. సంకేతాల గురించి వాదించుకునేవాళ్లు తరచూ ఇక్కడే తడబడతారు. కారణం దొరికింది కాబట్టి అర్థం లేదని ఒకరంటారు. అర్థం కనిపించింది కాబట్టి మామూలు కారణం ఉండటానికి వీల్లేదని ఇంకొకరు పట్టుబడతారు. నాకు రెండూ ఒప్పుదల కాదు.

అరుదుగా జరగడమే రుజువు అనుకోవడం పొరపాటు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగితే కాకతాళీయం అన్నారు మన పెద్దలు. కేంబ్రిడ్జ్ గణిత శాస్త్రవేత్త జాన్ లిటిల్‌వుడ్ పేరు మీద ఒక లెక్క ప్రచారంలో ఉంది. రోజుకు ఎనిమిది గంటలు ధ్యాసగా ఉంటూ, సెకనుకొకటి చొప్పున ఏదో ఒకటి చూస్తూ వింటూ ఉంటే 35 రోజుల్లో పది లక్షల సంఘటనలు దాటుతాయి. అంటే పది లక్షల్లో ఒక్కసారి జరిగే వింత ఎవరికైనా సుమారు నెలకొకటి ఎదురుకావచ్చు.

ఈ లెక్క నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకప్పుడు ఉద్యోగం మానేసి తెలిసినవాళ్ల వ్యాపారంలో చేరాలని మనసు ఉరకలేస్తుండేది. ఫోన్ తీస్తే టైమ్ 11:11, కొందరు శుభసంకేతంగా చూసే అంకెలు. మర్నాడూ అదే. పైనుంచి అనుమతి వచ్చిందనుకుని చేరిపోయాను. ఏడాది తిరక్కుండానే అది మూతపడింది, దాచుకున్న డబ్బంతా పోయింది. 10:43 కనిపించిన రోజులు నాకెందుకు గుర్తులేవో అప్పుడు ఆలోచించలేదు. మనసు ఒకదాని మీద పడ్డాక అదే ఎక్కడ చూసినా కనబడటాన్ని భాషా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ జ్విక్కీ ‘ఫ్రీక్వెన్సీ ఇల్యూజన్’ అన్నారు.

ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చాలాకాలం ఆలోచించాను. 11:11 నన్నేమీ అడగలేదు, అప్పటికే ఉన్న కోరికకు వంత పాడింది. చీటీ మాత్రం నేను తప్పించుకు తిరుగుతున్న పనిని ముందుకు తెచ్చి పెట్టింది. అందుకే మనకు నచ్చిన జవాబే మోసుకొచ్చే సంకేతాన్ని రెండోసారి, మూడోసారి కూడా అనుమానించాలంటాను.

సోక్రటీస్ తనకు చిన్నప్పటి నుంచీ ఒక దివ్యస్వరం వినిపిస్తుందని చెప్పుకున్నట్టు ప్లేటో రాశాడు. ఆ స్వరం ఎప్పుడూ ఫలానాది చెయ్యమని పురమాయించలేదట, తప్పు అడుగు వేయబోతే ఆపేదట. ఇక నాకు బాగా ఉపయోగపడింది, స్పెయిన్‌లో సైనికుడిగా ఉండి తర్వాత జెస్యూట్ క్రైస్తవ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా అనుభవం. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి నెలల తరబడి మంచం పట్టాడు. వీరుడిగా వెలిగిపోతున్నట్టు ఊహించుకుంటే అప్పటికి హాయిగానే ఉండేది, తర్వాత మనసు ఎండిపోయేది. సాధువుల బతుకు తనూ బతుకుతున్నట్టు ఊహించుకుంటే ఆ ఊహ పోయాక కూడా సంతోషం నిలిచేది. కలిగినప్పటి ఉద్వేగాన్ని కాదు, అది పోయాక మిగిలినదాన్ని చూడటం ఆయన అక్కడ నేర్చుకున్నాడు. 11:11 చూసినప్పుడు నాకు గుండె దడదడలాడింది, రాత్రంతా టెన్షన్. చీటీ దొరికిన రాత్రి ఏడ్చాను, ఆ తర్వాత హాయిగా నిద్రపట్టింది.

ఆత్మీయులు పోయాక వచ్చే అనుభవాల విషయంలో ఇంత కఠినంగా ఉండక్కర్లేదు. వేల్స్‌లో డాక్టర్ డెవీ రీస్ భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం మంది, పోయినవాళ్లు దగ్గరే ఉన్నట్టు తమకు అనిపించిందన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆ మాట అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. ఎక్కువమందికి అది ఊరటే ఇచ్చింది. అలాంటివాళ్లు మన దగ్గరకొచ్చి చెప్పుకుంటే భ్రమ అని కొట్టిపారేయకుండా, ఆత్మ అని సర్టిఫికెట్ ఇవ్వకుండా వింటే చాలు.

అయితే నిద్ర కరువై, టీవీలో మాటలూ దారినపోయే కార్ల నంబర్లూ అన్నీ తన గురించేనని అనిపిస్తుంటే అది వేరే సంగతి. జర్మన్ మనోవైద్యుడు క్లాస్ కాన్రాడ్ 1958లో తీవ్రమైన మానసిక వ్యాధి తొలిదశలో ఇదే గమనించి ‘అపోఫెనియా’ అని పేరు పెట్టారు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి.

ఇంకొకటి నేను అస్సలు ఒప్పుకోలేను. ‘నీ గురించి నాకు సంకేతం వచ్చింది, నువ్విలా చెయ్యి’ అని ఎదుటివాళ్ల పెళ్లి, వైద్యం, డబ్బు విషయాల్లో తీర్పు చెప్పేవాళ్లున్నారు. నాకొచ్చిన కబురు నన్ను కదిలించాలి, దాన్ని పట్టుకుని ఇంకొకరిని నడిపించే హక్కు నాకెక్కడిది?

తమ్ముడు మా ఇంటికొచ్చిన రోజు ఆ చీటీ తీసి వాడి చేతిలో పెట్టాను. ఏడు మీద గీతను వేలితో ఒకసారి తడిమాడు. మడిచి నాకే తిరిగిచ్చేస్తూ, “నీకు దొరికింది కదన్నయ్యా, నీ దగ్గరే ఉంచు” అన్నాడు.