ఎగరాలంటే విడిభాగం కావాలి

రోడ్డు లేని కొండమీదికి బుల్డోజరును మోసుకెళ్లే సోవియట్ ఎంఐ-26 హెలికాప్టర్లు మన వైమానిక దళంలోకి 1986లోనే వచ్చాయి. 20 టన్నుల బరువు ఎత్తగల ఈ భారీ యంత్రాలు నాలుగు చండీగఢ్‌లో కొలువుదీరాయి. 2010 డిసెంబరులో ఒకటి జమ్మూలో కూలింది. మిగిలినవి ఓవర్‌హాల్ (విప్పి పూర్తిగా బాగుచేయడం) కోసం, విడిభాగాల కోసం ఎదురుచూస్తూ ఏళ్ల తరబడి నేలమీదే ఉండిపోయాయి.

ఈ దుస్థితికి బీజం దాని పుట్టుకలోనే ఉంది. అంతకుముందు వచ్చిన ఎంఐ-6కు ఐదు రెక్కలు, 35 మీటర్ల వెడల్పున తలమీద తిరిగే రోటర్. 1977లో తొలిసారి ఎగిరిన ఎంఐ-26కు 32 మీటర్లలోనే ఎనిమిది రెక్కలు అమర్చారు. ఒక్కోటి 11 వేల హార్స్‌పవర్ దాటిన ఇంజిన్లు రెండు. అంత శక్తిని నిదానంగా తిరిగే రోటర్‌కు అందించే గేర్‌బాక్సును తేలిగ్గా చేయడమే అన్నిటికన్నా కష్టం. మామూలుగా ఇంజిన్ సంస్థలు చూసే ఆ పనిని ఎంఐ-26 రూపకర్త మిల్ సంస్థ తానే తలకెత్తుకుంది. ఇంజిన్ తయారీ ఉక్రెయిన్‌లోని జపొరీషియాలో, హెలికాప్టర్ కూర్పు రష్యాలోని రస్తోవ్‌లో. సోవియట్ హయాంలో అదంతా ఒకే దేశం. 2014లో ఉక్రెయిన్ రష్యాకు సైనిక ఎగుమతులు ఆపేశాక, ఒకే హెలికాప్టర్ కోసం బద్ధశత్రువులిద్దరి గడపా తొక్కాల్సి వస్తోంది.

2015లో ఒప్పందం చేసుకున్న 15 చినూక్‌లు, అమెరికా బోయింగ్ సంస్థ భారీ హెలికాప్టర్లు, 2019 నుంచి దళంలో చేరాయి. చినూక్‌లకు వెనుక రోటర్‌ను మోసే పైలాన్, సరుకు ఎక్కించే ర్యాంపు మన బెంగళూరు పీణ్యలోని డైనమాటిక్ సంస్థ చేసిచ్చినవే. మనకిది గర్వకారణం. అయితే ఇంజిన్, గేర్‌బాక్సుల కీలక పరిజ్ఞానం ఇంకా అమ్మినవాళ్ల దగ్గరే ఉంది. 2022లో ఇంజిన్లలో ఇంధనం కారి మంటలు రేగడంతో అమెరికా సైన్యం తన చినూక్‌లన్నిటినీ ఆపేసింది. తప్పు నిర్దేశాలకు సరిపడని ఓ-రింగులదని ఇంజిన్ సంస్థ తేల్చింది. వేలికి పట్టేంత రబ్బరు ముక్క ఎంత పని చేసిందో చూడండి! వివరాల కోసం మన దేశం కూడా బోయింగ్‌ను అడగాల్సి వచ్చింది.

స్వదేశీ అయితే ఆగదని మేము అనం. 2025 జనవరిలో గుజరాత్‌లోని పోర్‌బందర్ ప్రమాదం తర్వాత మన స్వదేశీ హెలికాప్టర్లు ధ్రువ్‌లన్నీ నెలల పాటు నిలిచిపోయాయి. కాకపోతే లోపాన్ని వెతికే పని మన చేతుల్లోనే, మన దేశంలోనే జరిగింది. డిజైన్ మనదైతే దక్కే వెసులుబాటు అది.

ధ్రువ్‌ను చేసిన ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ ఇప్పుడు 13 టన్నుల తరగతి హెలికాప్టర్ ఐఎంఆర్‌హెచ్‌ను రూపొందిస్తోంది. దాని ఇంజిన్ బాధ్యత ఫ్రాన్స్ ఇంజిన్ సంస్థ సఫ్రాన్‌తో కలిసి బెంగళూరులోనే పెట్టిన సంయుక్త సంస్థది. హిందూపురం, మదనపల్లె నుంచి వచ్చి పీణ్య షెడ్లలో స్థిరపడ్డ మన టర్నర్లు, గ్రైండర్లు గేరు పళ్లను మైక్రాన్ల లెక్కన చెక్కగలరు. ఆ ముక్క ఎగరాలంటే లోహం కరిగిన బ్యాచ్ నుంచి ప్రతి దశకూ కాగితం ఉండాలి, ఎన్ని గంటలు వాడారో లాగ్ కార్డులో రాయాలి. ఈ కట్టుదిట్టంలో రవ్వంత సడలింపు కూడా వద్దు. కానీ పరీక్షల ఖర్చు, ఏళ్ల నిరీక్షణ చిన్న షెడ్డు ఎలా భరిస్తుంది? ఆ ఖర్చును ప్రాజెక్టు నిధుల నుంచే ఇవ్వాలి. కనీసం పదేళ్లకు సరిపడా విడిభాగాల ఆర్డరు తొలి ఒప్పందంలోనే రాయాలి. విదేశాల నుంచి కొనే ప్రతి హెలికాప్టర్‌కూ ఇంజిన్, గేర్‌బాక్సుల ఓవర్‌హాల్ హక్కు సంతకానికి ముందే రాబట్టాలి.