మహారాజశ్రీ సైన్స్ కిట్ గారికి

నమస్కరించి వ్రాయునది. మేమంతా క్షేమం. మీ మోటారు క్షేమ సమాచారమే తెలియడం లేదు. ఆదివారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ముందు కూర్చున్నా అది కిక్కురుమనలేదు.

అట్ట మీద ‘పది నిమిషాల్లో సైంటిస్ట్’ అని రాసుకున్నారు, సంతోషం. సూచనల కాగితంలో మూడో బొమ్మకీ నాలుగో బొమ్మకీ మధ్య ఏం జరిగిందో మీకైనా తెలుసా? ఆ స్క్రూలు చీమల కోసం చేయించారా? పోనీ, అవి వదిలేద్దాం.

ఎందుకు తిరగలేదో చూద్దామంటే మీ మోటారుకి సందు లేదు. చుట్టూ ప్లాస్టిక్, పైన సీలు. ‘లోపల ఏముంది?’ అని మా వాడు అడిగితే మీ కాగితం చెప్పిన జవాబు ‘విప్పరాదు’. 1821లో ఫారడే అనే శాస్త్రవేత్త పాదరసంలోకి తీగ వేలాడదీసి, కరెంటుతో దాన్ని అయస్కాంతం చుట్టూ తిప్పినప్పుడు ఆయనకిలాంటి కాగితం ఎవరూ ఇచ్చినట్టు లేదు.

విప్పాం. పగిలింది.

తర్వాత వాడే మొదలుపెట్టాడు. రిమోట్‌లోంచి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ, రెండు పిన్నీసులు, టేపు, పూత ఉన్న రాగి తీగ, ఒక అయస్కాంతం. తీగని పెన్ను చుట్టూ పది చుట్లు చుట్టి, రెండు కొసలూ బాగా గీకి, బ్యాటరీ రెండు చివర్లకీ టేపుతో అతికించిన పిన్నీసుల కన్నాల్లో పెట్టి, చుట్ట కింద అయస్కాంతం ఉంచాడు. అది అటూ ఇటూ ఊగి ఆగిపోయింది. ‘ఎటు తిరగాలో దానికే తెలీట్లేదు’ అన్నాడు. అక్షరాలా అంతే. సగం తిరిగేదాకా ముందుకి నెట్టిన అయస్కాంతమే మిగతా సగంలో వెనక్కి లాగుతోంది. మళ్లీ ఇంకో చుట్ట చుట్టాం. ఈసారి దాన్ని నిలబెట్టి పట్టుకుని, ఒక కొసని చుట్టూరా, రెండో కొసని పైసగం మాత్రమే గీకాం. వెనక్కి లాగాల్సిన వేళకి పూత అడ్డొచ్చి కరెంటు ఆగుతుంది, అప్పటిదాకా వచ్చిన ఊపే దాన్ని దాటించేస్తుంది. వేలితో తట్టగానే బుర్రుమంది. వాడు ఇల్లంతా గెంతాడు.

ఆ సగం గీకడంలోనే కదయ్యా మోటారంతా ఉంది! గీకాల్సినవన్నీ నువ్వే గీకేసి, అతికించాల్సినవన్నీ నువ్వే అతికించేసి, పిల్లాడికి స్విచ్చు ఒక్కటి మిగిల్చావు. వాడు తప్పు చేయడానికి చోటేదీ? దీనికి ‘చేతులతో నేర్చుకో’ అని పేరు కూడానా, సిగ్గు లేకపోతే సరి.

అయస్కాంతం మాత్రం నీదే, ఒప్పుకుంటాను. నీ పెట్టె మూత టక్కున మూసుకోవడానికి పెట్టావు చూడు, అది. నీలో బాగా పనిచేసింది అదొక్కటే.

ఇంకో మాట. మా దాన్ని ప్రతిసారీ వేలితో తట్టాల్సి వస్తోంది. రాత్రి పడుకోబోతూ వాడు నీ ముక్కలు ఏరి, లోపల ఒకటి కాదు, మూడు తీగచుట్టలున్నాయని కనిపెట్టాడు. ‘మూడుంటే తట్టక్కర్లేదా?’ అని అడుగుతున్నాడు. ఈ మాట నీ కాగితంలో ఎక్కడా రాయలేదేం?