కాదనగలిగే బలం ఎవరికుంది?

కనీస వేతనం పెంచుతామని ఏ ప్రభుత్వం ప్రకటించినా మర్నాడే ఒక మాట వినిపిస్తుంది: "జీతాలు పెంచితే ఉద్యోగాలు పోతాయి." ఆర్థికశాస్త్రం పాఠాలు కూడా చాలాకాలం ఇదే చెప్పాయి. ధర పెరిగితే సరుకు కొనేవాళ్లు తగ్గుతారు, కూలి విషయంలోనూ అంతే అని. కానీ మనిషి పని సరుకు లాంటిది కాదు. ఈ రోజు అమ్ముడుపోని సరుకును రేపు అమ్ముకోవచ్చు. ఈ రోజు దొరకని పనిని రేపటికి దాచుకోలేం. ఇల్లు గడవాలంటే ఎంతకో ఒకంతకు ఒప్పుకోవాల్సిందే. ఆదాయాల మధ్య దూరం మొదలయ్యేది అక్కడే అని నేను నమ్ముతాను.

1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలాన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ రెండు రాష్ట్రాల్లోని 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందూ తర్వాతా పోల్చి చూశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనిపించలేదు. 1994లో ఆ ఫలితాలు అచ్చయినప్పుడు పెద్ద వాదనే నడిచింది, వాళ్ల లెక్కలను తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. 2021లో కార్డ్‌కు నోబెల్ వచ్చింది. అప్పటికి రెండేళ్ల ముందే క్రూగర్ చనిపోయారు.

ఉద్యోగాలు ఎందుకు పోలేదు? జవాబు వెతకడానికి బ్రిటిష్ ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే దారి చూపించారు. పని ఇచ్చేవాళ్లు కొద్దిమందే ఉన్నచోట జీతాన్ని నిర్ణయించేది యజమానే. పనిచేసేవాడు తెచ్చిపెట్టే విలువ కన్నా తక్కువ ఇచ్చినా అతను వెళ్లిపోడు, వెళ్లడానికి ఇంకో చోటు లేదు కాబట్టి. అలాంటిచోట చట్టం వేతనాన్ని కొంత పెంచితే తగ్గేది యజమాని మిగులు, ఉద్యోగం కాదు. మనిషిని కట్టిపడేయడానికి ఊరికి ఒకే ఫ్యాక్టరీ ఉండక్కర్లేదు. పిల్లల చదువు, మంచాన పడ్డ తల్లి, చేసిన అప్పు, వేరేచోట ఎంత ఇస్తున్నారో తెలియకపోవడం, ఇవన్నీ కట్టిపడేసేవే.

జర్మనీ 2015 జనవరిలో తొలిసారి దేశమంతటికీ ఒకే కనీస వేతనం తెచ్చింది, గంటకు 8.50 యూరోలు. లక్షల ఉద్యోగాలు పోతాయని హెచ్చరించారు. అంత నష్టం జరగలేదు. తక్కువ జీతాలవాళ్లలో కొందరు ఇంకాస్త బాగా నడిచే సంస్థలకు మారారని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

అలాగని ఎంత పెంచినా పర్వాలేదని నేను అనను. దక్షిణ కొరియా 2018లో ఒక్కసారే 16.4 శాతం పెంచితే చిన్న దుకాణదారులు రోడ్డెక్కారు. రెండేళ్లకే పెంపు 2.9 శాతానికి పడిపోయింది. ఆ దుకాణదారుల టెన్షన్ నిజమైనదే. మరోపక్క అమెరికాలో కేంద్ర కనీస వేతనం 2009 జులైలో 7.25 డాలర్లకు చేరి, ఆ తర్వాత పదిహేనేళ్లు దాటినా అక్కడే ఆగిపోయింది. ధరలు మాత్రం ఆగలేదు. ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా ఒక విధానమే, దాని భారం మోసేది అందరికన్నా కింద ఉన్నవాడు.

డెన్మార్క్, స్వీడన్‌లలో కనీస వేతన చట్టమే లేదు. అయినా ఆదాయ అంతరాలు తక్కువగా ఉన్న దేశాల్లో అవి ముందు వరుసలో ఉంటాయి. అక్కడ పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది జీతాలు యూనియన్లూ యాజమాన్యాలూ కూర్చుని రాసుకున్న ఒప్పందాల కిందికి వస్తాయి. డెన్మార్క్‌లో ఉద్యోగంలోంచి తీసేయడం కాస్త తేలికే, కానీ బయటికొచ్చినవాళ్లకు నిరుద్యోగ భృతి, కొత్త పని నేర్పే శిక్షణ ఉంటాయి. నేను ముఖ్యంగా చూసేది ఈ భృతినే. అది ఉన్నవాడు అన్యాయమైన జీతానికి "నాకొద్దు" అని లేచి వెళ్లగలడు. ఆ మాట అంటాడని తెలిసిన యజమాని ముందే మర్యాదైన జీతం చెబుతాడు. అమెరికాలో 1950లలో ఉద్యోగుల్లో దాదాపు మూడోవంతు మంది యూనియన్లలో ఉండేవాళ్లు, ఇప్పుడు పదోవంతే ఉన్నారు. అక్కడ అంతరాలు పెరగడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో దీన్ని నేను ముందు పెడతాను.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం వేరే ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 లెక్క ప్రకారం ప్రపంచంలో పనిచేసేవాళ్లలో 60 శాతానికి పైగా, అంటే 200 కోట్ల మంది అసంఘటిత రంగంలోనే ఉన్నారు. ఒప్పందం ఉండదు, జీతం చీటీ ఉండదు. కనీస వేతనం ఎంత పెంచినా చట్టం వాళ్ల గడప దాకా వెళ్లదు. పైన ఉన్న ఉద్యోగికి రక్షణ పెంచి వీళ్లను వదిలేస్తే కార్మికుల మధ్యే ఇంకో గోడ లేస్తుంది.

యాప్‌ల మీద నడిచే పనులు ఆ గోడకు కొత్త వరస పేరుస్తున్నాయి. బ్రిటన్‌లో ఉబర్ డ్రైవర్లు తాము కార్మికులమేనని నిరూపించుకోవడానికి ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. యాప్‌లోకి లాగిన్ అయి, ట్రిప్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న సమయం కూడా పని సమయమే అంది. మర్నెల కంపెనీ కనీస వేతనం ఇస్తామని ప్రకటించింది. కానీ ట్రిప్ ఒప్పుకున్న క్షణం నుంచే లెక్క. కారులో కూర్చుని పిలుపు కోసం ఎదురుచూసిన గంటలను అందులో కలపలేదు.