కనబడకూడని కామోఫ్లాజ్ గారికి

విశాఖపట్నం

అయ్యా కామోఫ్లాజ్ గారూ,

నమస్కారాలు. తమరు ఎక్కడుంటారో ఎవరికీ కనబడదు కాబట్టి (ఉద్యోగమే అది కదా) బహిరంగంగా రాయక తప్పలేదు. మాది ఎంవీపీ కాలనీ. బల్ల మీద ఆడే యుద్ధం ఆట కోసం అరచేతిలో ఇమిడే సైన్స్ ఫిక్షన్ బొమ్మ ట్యాంకులకు బాల్కనీలో కూర్చుని రంగులేసుకునే బాపతు మనుషులం. మీ మీద మాకు కొంచెం కోపంగా ఉంది.

1915లో ఫ్రెంచి సైన్యం ఆర్టిస్టులను పోగేసి, మీకోసం ఏకంగా ఒక విభాగమే పెట్టింది. శత్రువు కంట పడనివ్వకూడదు, అదీ మీ డ్యూటీ. మరి నా బల్ల మీదికొచ్చాక చేస్తున్నదేమిటండీ?

ముందు ట్యాంకంతా ఇసుక రంగు కొడతాను. ఆరాక బ్లూ టాక్‌ని (గోడకి పోస్టర్లు అతికించే బంకముద్ద) జంతికల పిండిలా సన్నటి తాళ్లుగా దొర్లించి, వంకర్లు తిప్పుతూ పైన అతికించి, సందుల్లో ఆకుపచ్చ కొడతాను. ఆ తాళ్లను పట్టకారుతో ఒక్కొక్కటీ లాగేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టే ఉంటుంది. తర్వాత గిన్నెలు తోమే స్పాంజి ముక్క చింపి, ముదురు గోధుమ రంగులో ముంచి, ముప్పాతిక వంతు పేపరుకే తుడిచేసి, మిగిలినదాన్ని అంచుల మీద చుక్కచుక్కగా అద్దుతాను. పాత ట్యాంకులా రంగు పెచ్చులు లేచినట్టు ఉండాలి కదా.

మా అమ్మ వచ్చి చూసింది. "ఏట్రా ఇది, కొత్త బొమ్మకి తుప్పేటి?"

"ప్లాస్టిక్కమ్మా, తుప్పు పట్టదు."

"మరి నువ్వెందుకు పట్టిస్తన్నావు? ఇనప బొమ్మ కొనుక్కుని బాల్కనీలో వొదిలేస్తే మన సముద్రం గాలికి అదే పట్టేస్తాది కదా, ఫ్రీగా."

దీనికి జవాబు మీరే చెప్పాలి. నా దగ్గర లేదు.

సరే, అంతా అయ్యాక మూడడుగులు వెనక్కి జరిగి చూస్తే ఇసుక రంగు, ఆకుపచ్చ, గోధుమ అన్నీ కలిసిపోయి ట్యాంకు బురద ముద్దలా తేలింది. అంటే మీరు పని చేశారన్నమాట! శతాబ్దం పైబడిన సర్వీసులో నేర్చినదంతా చూపించారు. మేం ఊరుకుంటామా? "డిజైన్ కనబడట్లేదు గురూ" అని ఒకడు, "కాంట్రాస్ట్ పెంచు" అని ఇంకొకడు. చిన్న మోడల్ మీద అసలు రంగు మరీ ముదురుగా కనిపిస్తుంది కాబట్టి తెల్లరంగు కలిపి లేత చేయాలట. అదీ చాలక ప్రతి అంచుకీ వెంట్రుకంత లేత గీత, హెడ్‌లైట్‌లో ఎర్ర మెరుపు, టరెట్ (ఫిరంగి ఉండే తలకాయ) మీద జెండా, జెండా మీద పుర్రె. దాక్కోవడానికి పెట్టుకున్న మనిషికి పెళ్లికొడుకు ముస్తాబు చేసి, కింద ఎల్ఈడీ దీపం పెట్టి ఫొటో తీస్తున్నాం. మీరేమో నోరెత్తరు.

ఇంకొకటి. మా ట్యాంకులు వేల ఏళ్ల తర్వాతివి. గ్రహం వేరు, సూర్యుడు వేరు, గడ్డి ఊదారంగు. అయినా వాటి మీద మీరు దిగేది మాత్రం 1943 నాటి జర్మన్ వేషంలోనే: ముదురు పసుపు మీద ఆకుపచ్చ, ఎర్రగోధుమ. అప్పట్లో ఆ రెండు రంగులూ పేస్టు డబ్బాల్లో సిబ్బందికే ఇచ్చేవారు. పెట్రోలో నీళ్లో కలుపుకుని ఎవడికి తోచినట్టు వాడు పూసుకునేవాడు. మేం ఇప్పుడు వాళ్ల తొందరను భూతద్దం కింద పెట్టి, మచ్చకు మచ్చ కాపీ కొడుతున్నాం. కాస్త కొత్తగా వద్దామని మీకెప్పుడూ అనిపించలేదా? 1980లలో పశ్చిమ బెర్లిన్‌లో బ్రిటిష్ ట్యాంకుల మీద తెలుపు, బూడిద, గోధుమ రంగు గళ్లుగా వచ్చారు కదా. ఆ వేషంలో ద్వారకానగర్ అపార్ట్‌మెంట్ల మధ్య నిలబడితే వాచ్‌మన్ కూడా పార్కింగ్ అడగడు.

మీ ఇంట్లో నిజాయితీపరుడు డాజిల్ ఒక్కడే. 1917లో నార్మన్ విల్కిన్సన్ అనే బ్రిటిష్ చిత్రకారుడు ఓడల మీద ఆ డాజిల్ చారలు గీయించినప్పుడు, దాస్తానని అబద్ధమాడలేదు. ఓడ ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో జలాంతర్గామి వాడికి లెక్క తప్పాలన్నాడు, అంతే. ఆ జలాంతర్గాముల జాతిదే మా ఆర్కే బీచ్‌లో కురుసుర. 2001 దాకా నౌకాదళంలో పని చేసింది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, చార లేదు, నల్లగా మునిగి దాక్కునేది. ఇప్పుడు ఒడ్డున కూర్చుంటే జనం టికెట్ కొని మరీ చూస్తున్నారు.

పోనీ ఆటలోనైనా పనికొస్తారా అంటే, మేం ఆడే రూల్స్‌లో రంగుకి కాణీ విలువ లేదు. గోడ చాటున ఉంటే లాభం, మీ చాటున ఉంటే లేదు. ఎదుటివాడు టేపు పెట్టి కొలిచి, పాచికలు వేసి, మూడు రాత్రుల పనిని ఒక్క దెబ్బకి లేపేస్తాడు.

మొన్న పంతానికి పోయి, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల రంగు సరిగ్గా కలిపి ట్యాంకంతా పూసి, దిబ్బల ముందే ఫొటో తీసి మా గ్రూప్‌లో పెట్టాను. "దిబ్బలు బాగున్నాయి బ్రో, ట్యాంకు ఫొటో ఎప్పుడు పెడతావు?" అన్నారు. ఒక్క లైకు రాలేదు. ఈ నష్టం ఎవరు కడతారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. జవాబు మాత్రం దయచేసి తెల్ల కాగితం మీద నల్ల సిరాతో రాయండి, మీ అలవాటు ప్రకారం కాదు.

ఇట్లు,
మీ వల్ల కనబడకుండా పోయిన ట్యాంకు యజమాని