టెక్సాస్ నేల, డెలావేర్ ఓటు

షేరు కొనబోయే ముందు మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘ప్రమోటర్ల వాటా ఎంత? ఫండ్లు కొంటున్నాయా?’ అని. ఆ కంపెనీ ఏం చేస్తుందన్నది ఆ తర్వాతి సంగతి. ప్రమోటర్ చేతిలో 60 శాతం ఉందంటే ధైర్యం, విదేశీ ఫండ్లు కూడా వచ్చాయంటే ఇంకొంచెం ధైర్యం. ‘పెద్దవాళ్లు ఊరికే కొనరుగా’ అనే ఒక్క మాట మీద ఎన్ని ఇళ్ల పొదుపు మార్కెట్లోకి వెళ్లిందో లెక్క లేదు. ఆ ధైర్యానికి ఎంత పునాది ఉందో తెలుసుకోవాలంటే పశ్చిమ టెక్సాస్ చమురు భూముల మీద రాయల్టీ తీసుకునే ఒక పాత సంస్థ కథ చూడాలి. దాని పేరు టెక్సాస్ పసిఫిక్ ల్యాండ్ కార్పొరేషన్.

రాయల్టీ కంపెనీ బావి తవ్వదు, రిగ్గు కొనదు, గొట్టాలు వేయదు. భూమిని పాలుకిచ్చి గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్న ఆసామి లాంటిది. షెవ్రాన్, ఎక్సాన్ లాంటివాళ్లు కోట్ల డాలర్లు పోసి తవ్వుకుంటారు. పైకి వచ్చిన చమురులో, గ్యాసులో పాలు మాత్రం దీనికి చేరుతుంది. ఈ కంపెనీకి చాలా భూముల్లో ఆ పాలు పదహారో వంతు, కొన్నిచోట్ల 128వ వంతు. వినడానికి చిన్నవే. కానీ ఖర్చు లేని వంతులు, కాలపరిమితి లేని వంతులు. 2024లో కంపెనీ ఆదాయం సుమారు 70.6 కోట్ల డాలర్లు. అన్నీ పోగా మిగిలిన నికర లాభం 45.4 కోట్లు. పనిచేసేవాళ్లు వంద మంది, ఆపైన కొద్దిమంది.

మన దగ్గర ఇలాంటి ఆసామి పుట్టే వీలే లేదు. కోనసీమ రైతుకు ఇది బాగా తెలుసు. కొబ్బరితోట ఆయనది, తోట కింద ఉన్న గ్యాసు సర్కారుది. ఓఎన్‌జీసీ కట్టే రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండినప్పుడు సెగ ఊళ్లదే అయింది, రాయల్టీలో మాత్రం ఊళ్లకు పాలు లేదు. అమెరికాలో ప్రైవేటు భూమి కింది ఖనిజం కూడా ప్రైవేటు ఆస్తే. దాన్ని అమ్మవచ్చు, పైభూమి నుంచి విడదీయవచ్చు, షేర్లుగా మార్చి న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో పెట్టవచ్చు. అందుకే అక్కడ రాయల్టీ షేరు ఎవరి చేతిలో ఉందన్నది పెద్ద ప్రశ్న అవుతుంది.

ఈ సంస్థ పుట్టుక ఒక దివాలా నుంచి. టెక్సాస్ అండ్ పసిఫిక్ రైల్వే అప్పుల్లో మునిగినప్పుడు దాని బాండ్లు పట్టుకున్నవాళ్లకు ఇవ్వడానికి డబ్బు లేదు, భూమి ఉంది. సుమారు 35 లక్షల ఎకరాలు. 1888లో ఆ భూమిని ముగ్గురు ధర్మకర్తల చేతిలో పెట్టి, బాండ్లవాళ్లకు అందులో వాటా సర్టిఫికెట్లు ఇచ్చారు. ధర్మకర్తల పని భూమి అమ్మడం, వచ్చిన సొమ్ముతో సర్టిఫికెట్లు కొని రద్దు చేయడం. ఏదో ఒక రోజుకు అంతా అయిపోవాలి. కానీ భూమి కింద చమురు బయటపడింది, రోజులు గడిచేకొద్దీ సర్టిఫికెట్లు తగ్గాయి, మిగిలిన ఒక్కోదాని విలువ పెరిగింది. ఇప్పటికీ 8.7 లక్షల ఎకరాలకు పైగా మిగిలే ఉంది. (1954లో ఈ ట్రస్టు ఖనిజ హక్కుల్లో చాలా భాగాన్ని వేరే కంపెనీగా విడదీసి వాటాదారులకు పంచేసింది. ఆ కంపెనీ తర్వాత టెక్సాకో చేతికి, అక్కడి నుంచి షెవ్రాన్‌కు వెళ్లింది. పంచేయగా అట్టిపెట్టుకున్న చిన్న వంతే ఈ రోజు ఇంత ఆదాయం తెస్తోంది.)

అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. ధర్మకర్తల పదవి జీవితకాలం. వాళ్ల చేతిలో ఉన్న షేర్లు నామమాత్రం. ఎదురుగా న్యూయార్క్‌కు చెందిన హొరైజన్ కైనెటిక్స్ అనే ఫండ్ల సంస్థ ఐదో వంతు కంటే ఎక్కువ పట్టుకుని కూర్చుంది. ఆ సంస్థ నడిపే కొన్ని ఫండ్లలో ఈ ఒక్క షేరే సగానికి మించిపోయింది. ఆ సంస్థ అధిపతి ముర్రే స్టాల్ తరఫున రోజుకు ఒకటో రెండో షేర్లు కొన్న వెల్లడి పత్రాలు ఏళ్ల తరబడి నియంత్రణ సంస్థ దగ్గర పేరుకున్నాయి. మనూళ్లలో కొందరు తల్లులు నెలనెలా గ్రాము బంగారం కొన్నట్టు.

2019లో ఒక ధర్మకర్త తప్పుకోవడంతో ఆ ఖాళీ కోసం పోరు మొదలైంది. మిగిలిన ఇద్దరు ధర్మకర్తలు విశ్రాంత వైమానిక దళ జనరల్ డొనాల్డ్ కుక్‌ను నిలబెట్టారు. హొరైజన్, సాఫ్ట్‌వెస్ట్ అనే ఇంకో ఫండు, తదితర వాటాదారులు కలిసి టెక్సాస్ ఖనిజ హక్కుల వ్యాపారం తెలిసిన సాఫ్ట్‌వెస్ట్ అధిపతి ఎరిక్ ఆలివర్‌ను నిలబెట్టారు. ఈ జట్టు వాటా మొత్తం మీద నాలుగో వంతు. డబ్బు ఒకరిది, కుర్చీ ఇంకొకరిది అన్న తగాదా కోర్టుకెక్కింది, ఆ ఏడాదే రాజీకి వచ్చింది. ట్రస్టును మామూలు కంపెనీగా మార్చే దారి వెతకాలని ఒప్పుకున్నారు. 2021 జనవరిలో డెలావేర్ రాష్ట్ర చట్టం కింద కొత్త కంపెనీ ఏర్పడింది. స్టాల్, ఆలివర్ బోర్డులోకి వచ్చారు.

అంతా సుఖాంతం అనుకోవచ్చు. కానీ బోర్డు సీట్లకు బదులుగా 2020లోనే ఒక ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. కొన్ని మినహాయింపులు తప్ప, వాటాదారుల సమావేశంలో బోర్డు ఎలా చెబితే అలా ఓటెయ్యాలన్నది అందులో ఒక షరతు. 2022లో కంపెనీ ఒక ప్రతిపాదన తెచ్చింది. జారీ చేయగల షేర్ల పరిమితిని 77,56,156 నుంచి 4,65,36,936కి పెంచాలని. సరిగ్గా ఆరు రెట్లు. శతాబ్దం పాటు షేర్లు తగ్గించుకుంటూ వచ్చిన సంస్థ, కొత్త షేర్లు ముద్రించే తలుపు తెరవబోతోంది. ఈ షేర్లతో ఎక్కడో భూములు కొంటే తమ పాలు పలచబడుతుందని హొరైజన్, సాఫ్ట్‌వెస్ట్ వ్యతిరేకించాయి. కంపెనీ తన అతిపెద్ద వాటాదారు మీద తానే దావా వేసింది. 2023 డిసెంబరులో డెలావేర్ ఛాన్సరీ కోర్టు జడ్జి (అక్కడ వైస్ ఛాన్సలర్ అంటారు) ట్రావిస్ లాస్టర్ కంపెనీ పక్షాన తీర్పు చెప్పారు. ఈ ఇద్దరు వాటాదారులు ఒప్పందం తప్పారని, వాళ్ల ఓట్లు అనుకూలంగా పడ్డట్టే చూడాలని. 2024 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

తీర్పును మేము తప్పుపట్టడం లేదు. సంతకం పెట్టినవాళ్లు చిన్నపిల్లలు కారు, పక్కన లాయర్లను కూర్చోబెట్టుకుని పెట్టారు. సీటు కోసం ఓటు ఇచ్చారు, తర్వాత ఓటు కావాలన్నారు. కుదరదని కోర్టు చెప్పింది. మా అభ్యంతరం ఆ షరతు మీదే. ఖర్చు లేకుండా డబ్బు వచ్చిపడే కంపెనీలో యాజమాన్యం చేయగల పెద్ద తప్పు ఒక్కటే: ఆ డబ్బును, ఆ షేర్లను పాడుచేయడం. బావి ఎండిపోతే అది వాళ్ల తప్పు కాదు, చమురు ధర పడిపోయినా కాదు. వాళ్లను అదుపులో పెట్టగల సాధనం వాటాదారుడి ‘వద్దు’ అనే ఓటు తప్ప మరొకటి లేదు. అదే ఓటును అతిపెద్ద వాటాదారుడి నుంచి రాయించుకున్న బోర్డు ‘మా వాటాదారులే మాకు బలం’ అనడంలో అర్థం లేదు.

న్యాయంగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. పరిమితి పెరిగాక ఆ షేర్లు ముందు వెళ్లింది 2024 మార్చిలో ఒకటిని మూడుగా చేసిన విభజనకు. దానివల్ల ఎవరి పాలూ తగ్గలేదు. అదే ఏడాది అక్టోబరులో ప్రకటించిన 28.6 కోట్ల డాలర్ల ఖనిజ హక్కుల కొనుగోలు కూడా నగదుతోనే జరిగింది. భయపడ్డంత జరగలేదు. అయితే తలుపు తెరిచే ఉంది.

ఇక శాతాల సంగతి. అమెరికా చట్టంలో డైరెక్టర్లు, అధికారులతో పాటు 10 శాతం మించి షేర్లున్నవాళ్లూ లోపలివాళ్ల కిందకే వస్తారు. అంటే హొరైజన్ లాంటి ఫండు ఒక పట్టికలో ‘సంస్థాగత మదుపరి’, ఇంకో పట్టికలో ‘ఇన్‌సైడర్’. ఒకే షేర్లు రెండు చోట్లా లెక్కకు రావచ్చు. పైగా సంస్థాగత వాటా వివరాలు మూడు నెలలకోసారి ఇస్తారు, అదీ త్రైమాసికం ముగిశాక 45 రోజుల గడువుతో. మనం చూసే అంకె ఒక్కోసారి నాలుగున్నర నెలల పాతది. పాలు తోడుకుని పెరుగై, ఆ పెరుగు పులిసిపోయేంత కాలం. లోపలివాళ్లు కొన్నా అమ్మినా రెండు పనిదినాల్లో చెప్పాలి కాబట్టి ఆ సమాచారం కొంత నయం.

లోపలివాళ్ల వాటా ఎక్కువైతే చాలదా అంటే, చాలదు. వైపర్ ఎనర్జీ అనే ఇంకో రాయల్టీ కంపెనీనే చూడండి. దాన్ని 2014లో మార్కెట్లోకి తెచ్చింది డైమండ్‌బ్యాక్ అనే చమురు కంపెనీ, ఇప్పటికీ పెద్ద వాటా దానిదే. తవ్వేదీ తానే, రాయల్టీ తీసుకునేదాంట్లో పెద్ద పాలూ తనదే. వైపర్ భూముల్లో ముందు తవ్వితే చిన్న మదుపరికి లాభమే. కానీ 2025లో డైమండ్‌బ్యాక్ తన చేతికొచ్చిన రాయల్టీ ఆస్తులను వైపర్‌కే అమ్మింది, వంద కోట్ల డాలర్ల నగదుకు, మిగతాది వాటాల రూపంలో. అమ్మేవాడు, కొనేవాడి ఇంటి పెద్ద ఒకరే అయినప్పుడు ధర ఎవరు తేల్చారన్నది వాటా శాతం చెప్పదు.

తెలుగువాళ్లకు ఈ పాఠం కొత్తేమీ కాదు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌లో సింహభాగం సంస్థాగత మదుపరులదే. 2008 డిసెంబరు 16న తన కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని రామలింగరాజు ప్రకటిస్తే ఆ మదుపరులే విరుచుకుపడి గంటల్లో వెనక్కి తీసుకునేలా చేశారు. అంతటి పెద్దలకు, అదే ఖాతాల్లో ఏళ్లుగా లేని నగదు ఉన్నట్టు రాస్తున్న సంగతి మాత్రం 2009 జనవరి 7న ఆయనే ఒప్పుకునే దాకా తెలియలేదు. పోట్లాడగలరు, కానీ అన్నీ కనిపెట్టగలరని కాదు. ప్రమోటర్లు కుదువపెట్టిన షేర్లను అప్పిచ్చినవాళ్లు అమ్ముకోవడం కూడా మనం అప్పుడే చూశాం.

టెక్సాస్ కంపెనీతో మన పాఠకులకు ఇప్పుడు నేరుగా సంబంధం ఉంది. 2024 నవంబరు 26న అది అమెరికాలోని 500 పెద్ద కంపెనీల సూచీ ఎస్‌అండ్‌పీ 500లో చేరింది. చమురు కంపెనీ మారథాన్ ఖాళీ చేసిన స్థానంలోకి. ఆ రోజు నుంచి ఫ్రిస్కోలోనో, ఇర్వింగ్‌లోనో ఉద్యోగం చేస్తూ 401కే అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో ఆ సూచీ ఫండు (సూచీలోని కంపెనీలన్నిటినీ కొనే ఫండు) పెట్టుకున్న ప్రతి తెలుగు కుటుంబం పశ్చిమ టెక్సాస్ చమురు ప్రాంతమైన పెర్మియన్ బేసిన్‌లో నఖం అంత పాలు కలిగి ఉంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా సూచీ ఫండులో సిప్ కట్టేవాళ్లూ అంతే. వాళ్లలో చాలామందికి ఆ కంపెనీ పేరు కూడా తెలియదు. ఇది తప్పు కాదు, సూచీ ఫండు పద్ధతే అది.

అయితే ఆ షేర్ల ఓటు మాత్రం వ్యాన్‌గార్డ్, బ్లాక్‌రాక్, స్టేట్‌స్ట్రీట్ లాంటి మూడు నాలుగు సంస్థల చేతిలో ఉంటుంది. హొరైజన్ తన పాలు పలచబడుతుందని కోర్టు దాకా వెళ్లింది, ఎందుకంటే దాని ఫండ్ల బతుకే ఈ షేరు. సూచీ ఫండుకు అంత టెన్షన్ ఉండదు. దానికి ఇది 500 కంపెనీల్లో ఒకటి. ‘సంస్థాగత వాటా పెరిగింది’ అని చదివి సంతోషించేవాళ్లు ఈ తేడా గమనించాలి. కొట్లాడే సంస్థ వాటా తగ్గి, సూచీ ఫండ్ల వాటా పెరిగితే పట్టికలో శాతం మారకపోవచ్చు. బోర్డుకు మాత్రం ప్రాణం హాయిగా ఉంటుంది.

అమెరికాలో వెల్లడి నిబంధనలు కాస్త బిగిశాయి. 5 శాతం దాటి, యాజమాన్యం మీద ఒత్తిడి తెచ్చే ఉద్దేశంతో కొన్నవాళ్లు పది రోజుల్లో చెప్పాల్సింది ఇప్పుడు అయిదు పనిదినాల్లో చెప్పాలి. మంచిదే. దానితోపాటు ఓటును కట్టేసే ఒప్పందాల మీద కూడా నియంత్రణ సంస్థ దృష్టి పెట్టాలి. వాటికి గడువు ఉండాలి. షేర్ల సంఖ్య పెంచడం లాంటి అంశాలు వాటి పరిధిలోకి రాకూడదు. మన సెబీ కూడా ప్రమోటరు వాటా పట్టిక పక్కన, ఆ వాటాకు ఏ ఒప్పందం తగిలించి ఉందో చిన్న మదుపరికి ఒక్క చూపులో అర్థమయ్యేలా పెట్టించాలి. కుదువ సంగతి ఇప్పటికే వెల్లడిస్తున్నారు, దీనికీ అదే పద్ధతి చాలు.

వ్యాన్‌గార్డ్ 2023 నుంచి కొన్ని ఫండ్లలో, ఓటు ఏ విధానం ప్రకారం వేయాలో మదుపరులనే ఎంచుకోమంటోంది. బ్లాక్‌రాక్, స్టేట్‌స్ట్రీట్ దగ్గర కూడా ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. అన్ని ఫండ్లకూ, అన్ని ఖాతాలకూ ఇంకా రాలేదు. టెక్సాస్‌లో ఉన్న మన పాఠకులు తమ 401కే ప్లాన్‌లో ఆ సదుపాయం ఉందో లేదో ఆఫీసు హెచ్‌ఆర్‌ను ఒక ఈమెయిల్‌తో అడగవచ్చు. లేదంటే ఎందుకు లేదని రెండో ఈమెయిల్ కూడా పెట్టవచ్చు.