జెనెటిక్స్ క్లాసులో మన మేనరికాల మాటేది?

పోయిన సెమిస్టర్ వైవాలో బీఎస్సీ మొదటి సంవత్సరం అమ్మాయిని "కన్సాంగ్వినిటీ అంటే ఏంటి?" అని అడిగాను. అదే, రక్తసంబంధం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. బాగేపల్లి వైపు పిల్ల, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఎందుకో తెలుగులోకి మారి "మీ వైపు మేనరికాలు బాగానే ఉంటాయి కదమ్మా" అన్నాను. "చాలా ఉంటాయి మేడమ్, మా అమ్మానాన్నలదే మేనరికం" అంది. "మరి నువ్విప్పుడు చెప్పింది దాని గురించే కదా?" అంటే, కాసేపు ఆలోచించి "కాదు మేడమ్, వాళ్ల గోత్రాలు వేరు" అంది.

పుస్తకం ప్రకారం జవాబు సరిగ్గానే ఉంది కాబట్టి మార్కులు పూర్తిగా వేశాను. కానీ ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు. బెంగళూరులో ఇన్నేళ్లుగా మొదటి సంవత్సరం పిల్లలకు జెనెటిక్స్ చెబుతున్నాను. మదనపల్లె, హిందూపురం, అనంతపురం నుంచి వచ్చి పీజీ హాస్టళ్లలో ఉండి చదువుకునే వాళ్లు, కోలారు, చింతామణి వైపు తెలుగిళ్ల పిల్లలు, మారతహళ్లిలో పుట్టి పెరిగిన పిల్లలు నా క్లాసుల్లో ఎప్పుడూ ఉంటారు. వాళ్లందరూ పరీక్షలో పాసవుతున్నారు, చాలామందికి మంచి మార్కులే వస్తున్నాయి. రేపు ఇంట్లో పెళ్లి మాటలు మొదలైతే మాత్రం వాళ్లకు గుర్తొచ్చేది గోత్రమూ బ్లడ్ గ్రూపూ తప్ప మేం చెప్పిన పాఠం కాదు. ఇది పిల్లల తప్పని నేను అనుకోను, మేం పాఠం చెప్పే తీరులోనే లోపం ఉంది.

మామూలుగా ఈ పాఠం ఎలా సాగుతుందో చూడండి. మెండెల్ 1866లో ప్రచురించిన బఠాణీ మొక్కల ప్రయోగాలు, 3:1 నిష్పత్తి, పన్నెట్ చదరం. ఆ తర్వాత మనుషుల దగ్గరికి రాగానే నాలుక మడత పెట్టగలరా లేదా, చెవి తమ్మె అతుక్కుని ఉందా వేలాడుతుందా అని పిల్లల చేత లెక్కలు వేయిస్తారు, ప్రాక్టికల్ రికార్డులో రాయిస్తారు. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బుకు విక్టోరియా రాణి వంశవృక్షం, డౌన్ సిండ్రోమ్‌కు 21వ క్రోమోజోము మూడు కాపీలు ఉండటం, చివర్లో మానవ జీనోమ్ ప్రాజెక్టు 1990లో మొదలై 2003లో ముగిసిందని ఒక పేరా. అంతటితో యూనిట్ అయిపోతుంది.

నాలుక సంగతైతే తప్పు కూడా. ఒకే బహిర్గత జన్యువు వల్ల, అంటే అమ్మానాన్నల్లో ఒకరికైనా పడితేనే బిడ్డకు పడే తీరులో, నాలుక మడత పడుతుందని 1940లో స్టర్టెవాంట్ అనే జన్యుశాస్త్రవేత్త రాశాడు. 1952లో మ్యాట్‌లాక్ అనే పరిశోధకుడు అచ్చు ఒకేలా ఉండే కవలల్ని చూస్తే, కొన్ని జంటల్లో ఒకరు మడవగలిగారు, ఇంకొకరు మడవలేకపోయారు. స్టర్టెవాంట్ తర్వాత తానే ఆ ఉదాహరణ పనికిరాదని ఒప్పుకున్నాడు. అయినా అది ఇంకా రికార్డు పుస్తకాల్లో బతికే ఉంది. దానివల్ల ఏం నష్టం అంటారేమో. ఒకసారి ఒక కుర్రాడు క్లాసయ్యాక వచ్చి, అమ్మకీ నాన్నకీ నాలుక మడత పడదు, నాకు పడుతుంది, అంటే నేను వాళ్ల బిడ్డను కాదా మేడమ్ అని అడిగాడు. రెండు రోజులుగా నిద్ర లేదట. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఒక తప్పుడు ఉదాహరణ వల్ల అంత టెన్షన్ రావాల్సిన అవసరం ఏముంది?

విక్టోరియా రాణి కథ తప్పేం కాదు, మంచి ఉదాహరణే. కానీ ఎక్కడో ఇంగ్లండు రాజకుటుంబంలో ఎవరు ఎవర్ని చేసుకున్నారో మా పిల్లలు బోర్డు మీద గీస్తారు, తమ అమ్మమ్మ ఇంట్లో ఎవరు ఎవర్ని చేసుకున్నారన్నది కూడా ఇలాగే గీయొచ్చని మాత్రం వాళ్లకు తట్టదు. పెడిగ్రీ చార్టులో, అంటే వంశవృక్షం బొమ్మలో, మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు వృత్తం, జబ్బున్న వాళ్లదైతే లోపల నింపుతారు, పోయిన వాళ్లదైతే మీద ఏటవాలు గీత కొడతారు, దంపతుల్ని కలుపుతూ ఒక గీత. రక్తసంబంధం ఉన్న దంపతులైతే రెండు గీతలు. పుస్తకంలో ఆ రెండు గీతలు గుర్తుల పట్టికలో ఒక మూల కనిపించి మాయమైపోతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే. అంటే నా క్లాసులో కూర్చున్న పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆ రెండు గీతలు ఉన్నట్టే.

ఇక్కడ మన భాష మనకు గొప్ప సాయం చేస్తుంది, అదే సమయంలో తికమకా పెడుతుంది. ఇంగ్లీషులో కజిన్ అని ఒక్క మాట. మనకు పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో అవుతుంది, మేనమామ కూతురు మరదలు లేదా వదిన అవుతుంది. పెదనాన్న కూతుర్ని పెళ్లి చేసుకోవడం అనే ఊహే మనకు తప్పుగా తోస్తుంది, మేనమామ కూతుర్ని చేసుకోవడం మాత్రం కొన్ని ఇళ్లలో హక్కు. మరి జన్యువుల లెక్కలో? ఇద్దరితోనూ మనకున్న పోలిక సరిగ్గా అంతే, సగటున ఎనిమిదో వంతు. ఒకే తాత, ఒకే నాయనమ్మ నుంచి గానీ ఒకే తాత, ఒకే అమ్మమ్మ నుంచి గానీ వచ్చిన జన్యువులు అవి. వరసలు కలిపేటప్పుడు మనం చూసే తేడా డీఎన్‌ఏకి తెలియదు. ఈ ఒక్క విషయం బోర్డు మీద వరసల పేర్లతో గీసి చూపిస్తే క్లాసు మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దం అవుతుంది, ఆ తర్వాత ప్రశ్నల వాన మొదలవుతుంది. నా అనుభవంలో ఈ పాఠానికి వచ్చినన్ని ప్రశ్నలు బఠాణీలకు ఎప్పుడూ రాలేదు.

గోత్రం సంగతీ అంతే. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది, ఆడపిల్లకు పెళ్లయితే మారుతుంది. మన శరీరంలో అచ్చంగా ఇలా తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లేది వై క్రోమోజోము ఒక్కటే. ఉన్న 46లో అది ఒకటి. మిగతావన్నీ అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కలగలిసి వస్తాయి, వాటికి గోత్రంతో పనిలేదు. మేనమామది వేరే గోత్రమే, నిజమే. కానీ అమ్మా, ఆయనా ఒకే తల్లిదండ్రుల పిల్లలు కదా. మేనమామకీ మేనకోడలికీ మధ్య జన్యువుల పోలిక నాలుగో వంతు ఉంటుంది, బావామరదళ్ల కంటే రెట్టింపు. గోత్రం పాటించడం ఎవరి నమ్మకం వాళ్లది, దాన్ని నేను ఏమీ అనను. కానీ అది జన్యుపరమైన రక్షణ అనుకుంటే మాత్రం పొరపాటు.

బ్లడ్ గ్రూపు గురించి కూడా ఒక మాట. భార్యాభర్తలది ఒకే గ్రూపైతే పిల్లలకు లోపాలొస్తాయని, వేరే గ్రూపులైతే మేనరికమైనా ఫర్వాలేదని మన ఇళ్లలో గట్టిగా నమ్ముతారు. రెండూ నిజం కాదు. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయినప్పుడు జాగ్రత్త పడాలి, దానికి యాంటీ-డీ ఇంజెక్షన్ ఉంది. పిల్లలు క్లాసులో వేలు పొడుచుకుని గ్రూపు చూసుకుంటారు కాబట్టి ఈ మాట చెప్పడానికి ఆ రోజును మించిన సందర్భం లేదు.

మేనరికం వల్ల ముప్పు ఎంత అన్నది అంకెలతో చెప్పకపోతే అంతా భయపెట్టడమే అవుతుంది. అంతర్గత జన్యువు వల్ల, అంటే అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు కాపీలూ లోపమున్నవే వస్తేనే, వచ్చే ఒక జబ్బు పదివేల మందిలో ఒకరికి ఉందనుకోండి. అంటే ఆ జన్యువును మోస్తూ పైకి ఆరోగ్యంగా ఉండే క్యారియర్లు దాదాపు యాభై మందిలో ఒకరు ఉంటారు. చుట్టరికం లేని దంపతులకు ఆ జబ్బుతో బిడ్డ పుట్టే అవకాశం పదివేలలో ఒకటి. బావామరదళ్లయితే అది సుమారు ఏడు, మేనమామ మేనకోడలైతే సుమారు పదమూడు. ఏడు రెట్లు, పదమూడు రెట్లు అంటే గుండె గుభేలుమంటుంది, కానీ పదివేలలో పదమూడు అంటే మిగతా తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై ఏడు మందికి ఆ జబ్బు లేదని కూడా అర్థం. అయితే అలాంటి అరుదైన జబ్బులు వేలల్లో ఉన్నాయి, అన్నీ కలిస్తే లెక్క పెరుగుతుంది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫోర్డ్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో పుట్టుకతో లోపాలు ఉన్న పిల్లలు మామూలుగా నూటికి ముగ్గురు ఉంటే, ఫస్ట్ కజిన్స్, అంటే తోబుట్టువుల పిల్లలైన దంపతులకు నూటికి ఆరుగురు దాకా ఉన్నారని తేలింది.

"మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే, అందరం బాగానే ఉన్నాం" అనే పెద్దవాళ్ల మాట అబద్ధం కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. చాలా కుటుంబాలు ఆ మాట నిజాయితీగానే అంటాయి. మిగతా కుటుంబాలు నోరు విప్పవు, లేదా ఆ లోపాన్ని కోడలి మీదకో జాతకం మీదకో నెట్టేస్తాయి. సంభావ్యత అంటే ఏమిటో పిల్లలకు అర్థం కావాలంటే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది? అన్నట్టు, దంపతులిద్దరూ క్యారియర్లైతే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. అలా నాలుగో వంతు అవకాశం అన్నామంటే నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుందని, మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురూ క్షేమమని అనుకునే వాళ్లు చదువుకున్న వాళ్లలోనూ ఉన్నారు. ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఈ ఒక్క వాక్యం కోసం నేను ఒక క్లాసు మొత్తం నాణేలు ఎగరేయిస్తాను, అది వృథా అని ఎప్పుడూ అనిపించలేదు.

మేనరికం లేకపోతే చాలు, గొడవ లేదనుకోవడం కూడా సగమే నిజం. పదుల తరాలు ఒకే కులంలో పెళ్లిళ్లు చేసుకుంటే, పుట్టిల్లూ అత్తిల్లూ చుట్టాలు కాకపోయినా ఎక్కడో పాత పూర్వీకులు కలుస్తారు. ఆర్యవైశ్యుల్లో ఒక ఎంజైము లోపం మిగతా వాళ్లలో కంటే చాలా ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. మామూలు జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోతే, ఈ లోపం ఉన్నవాళ్లకు గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. మత్తు డాక్టర్‌కు ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతే. ఒక కులాన్ని వేలెత్తి చూపడానికి చెబుతున్న మాట కాదిది, ఇలాంటి సొంత లోపాలు ఒక్కో సమూహానికి ఒక్కో రకంగా ఉంటాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) శాస్త్రవేత్తలు 2009 నుంచీ ఈ విషయం మీద ముఖ్యమైన పరిశోధనలు చేశారు. మా ఊళ్లోనే, ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ముందుండి నడిపిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు దేశంలోని రకరకాల సమూహాల నుంచి పదివేల మంది జీనోమ్‌లను చదివింది. మా కాలేజీ నుంచి బస్సెక్కితే ఐఐఎస్‌సీ గేటు దగ్గర దిగొచ్చు. అయినా మా పిల్లల సిలబస్‌లో వాటి ఊసు లేదు.

ఈ పాఠాలు ఎందుకు చెప్పరని తోటి లెక్చరర్లను అడిగితే వచ్చే సమాధానం కొట్టిపారేయదగ్గది కాదు. పిల్లల ఇంటి విషయాలు క్లాసులోకి లాగితే నొచ్చుకుంటారు, కులం మాటొస్తే గొడవలవుతాయి అంటారు. నిజమే. మొదట్లో నేను కూడా ఎవరి కుటుంబం చార్టు వాళ్లే గీసుకు రమ్మని చెప్పాను. ఒకమ్మాయి తెల్లకాగితం ఇచ్చింది. తర్వాత తెలిసింది, తనని దత్తత తీసుకున్నారని. ఆ రోజు నుంచి ఎవరి ఇంటి చార్టూ అడగను. ఊహించి తయారు చేసిన కుటుంబాలు ఇస్తాను, కానీ వాటిలో మేనత్తలు, మేనమామలు, బావలు, మరదళ్లు ఉంటారు, రెండు గీతలు ఉంటాయి, చిన్నప్పుడే పోయిన పిల్లలు ఉంటారు. సొంత ఇంటి గురించి తెలుసుకోవాలనుకున్న వాళ్లు క్లాసయ్యాక విడిగా వస్తారు.

వైవాలో గోత్రం మాట చెప్పిన ఆ అమ్మాయి అలాగే వచ్చింది, రెండు నెలల తర్వాత. ఈ సంగతి రాయొచ్చని తనే చెప్పింది, గుర్తుపట్టే వివరాలు మార్చాను. వాళ్లక్కను చిన్న మేనమామకిచ్చి చేయాలని ఇంట్లో అనుకుంటున్నారు. "ఆపమని చెప్పాలా మేడమ్?" అంది. ఆపమనో చేసుకోమనో చెప్పే హక్కు నాకు లేదన్నాను. అమ్మానాన్నలదీ మేనరికమే కాబట్టి ఇద్దరి మధ్య పోలిక నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువే ఉంటుందని లెక్క చూపించాను. పుట్టుకతో వినపడని వాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, చిన్నప్పుడే పోయిన పిల్లలు ఎవరైనా ఉన్నారా అని అమ్మమ్మను అడిగి తెలుసుకోమన్నాను. పెళ్లికి ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లొచ్చని, ఎలక్ట్రానిక్ సిటీలో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ ఉందని చెప్పాను.

వారం తర్వాత చార్టు గీసుకుని వచ్చింది. రెండు గీతలు రెండు చోట్ల ఉన్నాయి, మూడోది ఇంకా పెన్సిల్‌తోనే ఉంది. తన అమ్మానాన్నల కింద, తనకంటే ముందు, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పని ఒక మగబిడ్డ ఉన్నాడట, మూడు నెలలకే పోయాడట. పేరు కూడా పెట్టలేదని అమ్మమ్మ ఫోన్‌లో ఏడ్చిందట. అక్క పక్కన చిన్న చదరం గీసి, దాని మీద ఏటవాలుగా గీత కొట్టింది. లోపల నింపాలా వద్దా అని నన్ను అడిగింది. ఎందుకు పోయాడో తెలియదు కదా, ప్రశ్న గుర్తు పెట్టమన్నాను.